ప్రతిపక్షం లేని చోట పరాయివాడు దొరుకుతాడు

ఒడిశాలో 24 ఏళ్ళకు పైగా సాగిన ఒకే పార్టీ ఏలుబడి 2024 జూన్‌లో ముగిసింది. ఆనాటి నుంచి ఒక మాట టీ కొట్ల దగ్గర్నుంచి సభావేదికల దాకా చెల్లుబడి అవుతోంది. "నవీన్ బాబును జనం ఓడించలేదు, ఆ తమిళుడు ఓడించాడు" అని. ఒడియా మిత్రులు ఈ మాట అంటే అర్థం చేసుకోవచ్చు. మన తెలుగువాళ్ళు, అందులోనూ సంఘాల పెద్దలు, లొట్టలు వేసుకుంటూ చెప్పుకోవడమే వింత. ఈ మాట తప్పు. అంతకుమించి మనకు ప్రమాదం. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

ముందు లెక్కలు చూద్దాం. బిజూ పట్నాయక్ 1997లో కన్నుమూశాక అదే ఏడాది డిసెంబరులో ఆయన పేరు మీద బిజూ జనతాదళ్ పుట్టింది. 2000 మార్చిలో ఆయన కుమారుడు నవీన్ పట్నాయక్ ముఖ్యమంత్రి అయ్యారు. 147 స్థానాల శాసనసభలో ఆ పార్టీకి 2009లో 103, 2014లో 117, 2019లో 112 వచ్చాయి. ఈ అంకెలు చూసినవాడు "ఆహా, జనమంతా ఒక్కమాట మీద ఉన్నారు" అనుకుంటాడు. కానీ ఓట్ల లెక్క తీయండి. 2009లో ఆ పార్టీకి వచ్చినవి నూటికి 39 ఓట్లు. 2014లో 43. బలం శిఖరాన ఉన్న 2019లో కూడా 45 దాటలేదు. అయిదుసార్లు వరుసగా గెలిచిన పార్టీకి ఏ ఒక్క శాసనసభ ఎన్నికలోనూ సగం ఓట్లు రాలేదు.

అంటే ఏమిటి? ప్రతి ఎన్నికలోనూ ఓటేసినవారిలో సగానికి పైగా ఆ పార్టీని కాదన్నారు. అసంతృప్తి 2024లో ఊడిపడలేదు. మొదటి నుంచీ ఉంది. దానికి ఇల్లు లేదు, అంతే. ఇక 2024 సంగతి: ఓడిన బిజూ జనతాదళ్‌కు నూటికి 40.2 ఓట్లు, గెలిచిన భారతీయ జనతా పార్టీకి 40.1. సీట్లు మాత్రం 51, 78. ఒక శాతంలో పదోవంతు కూడా ఆధిక్యం లేని ఆధిక్యాన్ని పట్టుకొని "ఆ మూల తమిళనాడు నుంచి వచ్చినవాడి మీద ఒడియా ఆత్మగౌరవం లేచి నిలబడింది" అని కావ్యాలల్లడం ఎంతవరకు సబబు?

ఆ 24 ఏళ్ళలో మంచి జరగలేదని అనను. 1999 అక్టోబరు తుఫానులో ఈ రాష్ట్రంలో సుమారు పదివేల మంది కొట్టుకుపోయారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను మన గంజాం జిల్లా గోపాలపురం దగ్గరే తీరం దాటింది. లక్షల మందిని ముందుగానే తరలించారు. చనిపోయినవారి సంఖ్య పదులతో ఆగింది. ఇది చిన్న పని కాదు. కిలో రూపాయి బియ్యం పేదవాడి పొయ్యి ఆరకుండా చూసింది. ఆడవాళ్ళ పొదుపు సంఘాలు పల్లెల్లో కొత్త ధైర్యం తెచ్చాయి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో మూడోవంతు టిక్కెట్లు స్త్రీలకిచ్చిన పార్టీ అది. ఇవన్నీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే మిగతా మాట చెప్పే అర్హత ఉండదు.

మిగతా మాట ఇది. 2000 డిసెంబరులో రాయగడ జిల్లా మైకంచలో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. 2006 జనవరి 2న కళింగనగర్‌లో ఉక్కు ఫ్యాక్టరీ భూమి కోసం జరిగిన కాల్పుల్లో పదముగ్గురు ఆదివాసులు నేలకొరిగారు. నియమగిరి కొండను తవ్వాలా వద్దా అన్నది తేల్చడానికి సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. కోర్టు గ్రామసభలను అడగమంది. 2013లో 12 గ్రామసభలు, పన్నెండుకు పన్నెండూ, వద్దన్నాయి. చిట్‌ఫండ్ కంపెనీలు పేదల సొమ్ము మింగితే 2014లో సుప్రీంకోర్టే ఆ కేసులను సి.బి.ఐ.కి అప్పగించింది. అధికారపక్షం వాళ్ళే అరెస్టయ్యారు. 2016లో కాలాహండిలో ఒక ఆదివాసి, ఆసుపత్రి నుంచి బండి దొరక్క భార్య శవాన్ని భుజాన వేసుకొని, పక్కన ఏడుస్తున్న కూతురితో మైళ్ళు నడిచాడు. ఆ ఫోటో లోకమంతా చూసింది. గంజాం కుర్రాళ్ళు సూరత్ మరమగ్గాల దగ్గర వయసు కరిగించుకుంటూనే ఉన్నారు. బొలాంగిర్, నువాపడా కుటుంబాలు బయానా పుచ్చుకొని తెలంగాణ, ఆంధ్ర ఇటుక బట్టీలకు పిల్లాజెల్లాతో సహా వస్తూనే ఉన్నాయి. మన తెలుగు గడ్డ మీద లేచే మేడల ఇటుకల్లో ఆ 24 ఏళ్ళ ఒడిశా చెమట కూడా ఉంది.

ఒకసారి గమనించండి. నియమగిరిని ఆపిందెవరు? కొండ మీది డోంగ్రియా కొంధులు, కోర్టు. చిట్‌ఫండ్ కేసును కదిపిందెవరు? కోర్టు. కాలాహండి బాధను లోకానికి చూపిందెవరు? కెమెరా పట్టుకున్న విలేకరి. ప్రతిపక్షం చెయ్యవలసిన పనిని కోర్టూ పత్రికా గిరిజనుడూ పంచుకున్నారు. మరి ప్రతిపక్షం ఏం చేస్తున్నట్టు?

కాంగ్రెసు సంగతి చూద్దాం. 1995లో 80 సీట్లతో అధికారంలోకి వచ్చిన పార్టీ అది. 1999 తుఫాను నాటికి ముఖ్యమంత్రి కుర్చీలో మనుషుల్ని మార్చుకునే పనిలో ఉంది. 2000లో 26 సీట్లకు పడిపోయింది. తరవాత 38, 27, 16, 9. ప్రతి ఓటమికీ ఒక అధ్యక్షుణ్ణి మార్చారు, పార్టీని మాత్రం మార్చలేదు. 2019 ఎన్నికల ముందు ఆ పార్టీ రాష్ట్ర కార్యనిర్వాహక అధ్యక్షుడే అధికారపక్షంలోకి దూకి మంత్రి అయ్యారు. కాపలా కుక్క దొంగ పెట్టిన చద్దన్నానికి అలవాటు పడ్డాక ఇంటివాడు గొళ్ళెం ఎంత బిగిస్తే ఏం లాభం?

భారతీయ జనతా పార్టీ సంగతి ఇంకా వింత. 2000 నుంచి 2009 దాకా అదే మంత్రివర్గంలో పొత్తు కూడి తిన్న పార్టీ అది. కంధమాల్ మంటల తరవాత 2009లో విడిపోయింది. విడిపోయినా ఢిల్లీలో చెలిమి చెడలేదు. 2019లో ఆ పార్టీ అభ్యర్థి అశ్విని వైష్ణవ్ ఒడిశా నుంచి రాజ్యసభకు వెళ్ళింది బిజూ జనతాదళ్ మద్దతుతోనే. అదే ఏడాది 370 అధికరణం రద్దుకు బిజూ జనతాదళ్ చేతులెత్తింది. 2024 మార్చిలో కూడా మళ్ళీ పొత్తు కుదుర్చుకోవాలని ఇద్దరూ బేరాలాడారు. బేరం తెగలేదు గనక ఎదురుబొదురు నిలబడ్డారు. తెగి ఉంటే? పాండియన్ ఒడియా జాతికి శత్రువు అని ఏప్రిల్లో తెలిసినవాళ్ళకు మార్చిలో తెలియదా?

అసలు కీలకం ఇక్కడ ఉంది.

వి.కె. పాండియన్ తమిళనాడులో పుట్టి ఐ.ఎ.ఎస్. అధికారిగా ఒడిశాకు వచ్చినవాడు. గంజాం జిల్లాకు కలెక్టరుగా చేశాడు. తరవాత ముఖ్యమంత్రి ఆంతరంగిక కార్యదర్శి. 2023 అక్టోబరులో ఉద్యోగానికి స్వచ్ఛందంగా విరమణ చెబితే, వెంటనే మంత్రి హోదాతో పదవి ఇచ్చారు. నవంబరులో పార్టీలో చేరాడు. ఎన్నికల్లో పార్టీ తరఫున రాష్ట్రమంతా తిరిగాడు. ఇందులో నిలదీయవలసింది బోలెడు ఉంది. ఒక్క ఓటు కూడా అడగని మనిషి ఎన్నికైన మంత్రుల నెత్తిన ఎలా కూర్చున్నాడు? ముఖ్యమంత్రిని కలవాలంటే శాసనసభ్యుడు ఒక అధికారి తలుపు ఎందుకు తట్టాలి? శాసనసభ ఎందుకు మూగబోయింది? ఇవి ప్రజాస్వామ్య ప్రశ్నలు. ఏ ప్రతిపక్షమైనా వీటిని పదేళ్ళ ముందే అడిగి ఉండాలి.

ఈ ప్రశ్నలు అడిగితే చిక్కు ఏమిటంటే, అవి అడిగినవాడికి కూడా తగులుతాయి. అధికారుల చేతుల్లో రాష్ట్రాన్ని పెట్టే పద్ధతి తొమ్మిదేళ్ళ పొత్తులో మీకు కనబడలేదా అని జనం తిరిగి అడుగుతారు. ఢిల్లీలో మీరు చేస్తున్నదేమిటి అంటారు. కాబట్టి సులువైన దారి దొరికింది. పదవి ఎక్కడిది అని అడగకుండా పుట్టుక ఎక్కడిది అని అడిగారు. పూరీ రత్నభాండారం తాళంచెవులు తమిళనాడుకు పోయాయన్నట్టు సాక్షాత్తూ ప్రధానమంత్రే 2024 మేలో ఎన్నికల సభలో అన్నారు. తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ అభ్యంతరం చెప్పవలసి వచ్చింది. తాళంచెవులు కనబడటంలేదని బయటపడింది 2018లో. నిలదీయవలసింది ఆలయ పాలకవర్గాన్ని, ప్రభుత్వాన్ని. కానీ పేరు పెట్టింది ఒక భాషకు.

ఇంకో విడ్డూరం. నవీన్ పట్నాయక్ ఒడియా గడ్డ బిడ్డే, కానీ ఇన్నేళ్ళ పాలనలోనూ ఒడియా ప్రసంగాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొని చదివారు. పాండియన్ తమిళుడే, కానీ వేదికల మీద ఒడియాలోనే మాట్లాడాడు. భాషే కొలబద్ద అయితే ఎవరు స్వజనం, ఎవరు పరజనం? కొలబద్ద భాష కాదు. నెత్తురు. ఒకసారి నెత్తురు కొలబద్ద అయ్యాక మనం ఎంత ఒడియా నేర్చినా పనికిరాదు.

ఇక్కడే మనవాళ్ళను అడగాలని ఉంది. అయ్యా, మీరు నవ్వారే, ఎందుకు నవ్వారు? "వాడు అరవవాడు గదా, మనకేం" అన్నారే, రేపు "వీడు తెలుగువాడు గదా" అనరని హామీ ఎవరిచ్చారు? 1936 ఏప్రిల్ 1న ఈ రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాం, కోరాపుట్ సీమలు ఇటు వచ్చాయి. మనం వలస రాలేదు, సరిహద్దు మన మీదుగా నడిచింది. రాష్ట్రపతి అయిన వి.వి. గిరి పుట్టింది బరంపురంలో. వ్యావహారిక భాష కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి పనిచేసింది పర్లాకిమిడిలో. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన పి.వి. నరసింహారావును 1996లో బరంపురం ఓటర్లు, ఒడియావాళ్ళూ తెలుగువాళ్ళూ కలిసి, లోక్‌సభకు పంపారు. ఈ చరిత్ర ఇలాగే ఉండాలంటే "పుట్టుక ఎక్కడ?" అన్న ప్రశ్న ఎవరి మీద వచ్చినా మొదట ఎదురు తిరగవలసినవాళ్ళం మనం. పాండియన్ పాలనను మెచ్చుకోనక్కర్లేదు. ఆయన అధికారాన్ని దుమ్మెత్తిపొయ్యండి. ఆయన తల్లి భాష జోలికి పోయినప్పుడు మాత్రం మన నోరు లేవాలి. లేవలేదు.

ఎందుకు లేవలేదో కూడా చెప్పుకుందాం. మనకు ఒక రాజకీయ సిద్ధాంతం ఉంది. దాన్ని మన శ్రీకాకుళం యాసలోనే చెబితే బాగుంటుంది: "మనకెందుకు బాబూ ఈ గొడవలు! ఎవులు గద్దె మీదుంటే ఆల్లే మన పార్టీ." కాంగ్రెసు ఉన్నప్పుడు ఖద్దరు కండువా. శంఖం గుర్తు వచ్చాక శంఖం. కమలం వచ్చాక కమలం. ఉగాది సభకు మంత్రిని పిలవడం, శాలువా కప్పడం, వినతిపత్రం చేతిలో పెట్టి ఫోటో దిగడం. ఆ వినతిపత్రంలో ఏముంటుంది? తెలుగు బడికి పంతులు కావాలి, పాఠ్యపుస్తకాలు వేళకు రావాలి. మరుసటి ఉగాదికి అదే కాగితం, తేదీ మారుతుంది, మంత్రి మారతాడు. పంతులు మాత్రం రాడు.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేకాధికారి ఉండాలని 350-బి చెబుతోంది. ఇవి 1956 నుంచీ ఉన్నాయి. శాలువాతో వచ్చినవి కావు. హక్కుగా ఉన్నదాన్ని దయగా అడుక్కునే స్థితికి మనల్ని మనమే తెచ్చుకున్నాం. లెక్క చాలా సులువు. ఎప్పుడూ గెలిచేవాడి వెనకే నిలబడేవాడి ఓటుకు విలువ ఉండదు. అధికారపక్షం "వీళ్ళెక్కడికి పోతారు" అనుకుంటుంది. ప్రతిపక్షం "వీళ్ళు మన వైపు రారు" అనుకుంటుంది. ఇద్దరికీ అక్కర్లేనివాళ్ళమై, ఇద్దరితోనూ మంచిగా ఉన్నామని సంబరపడతాం.

దీనికి జవాబు నాకు తెలుసు. "చిన్న గుంపు పెద్దవాళ్ళతో పెట్టుకోకూడదు. ఎదిరిస్తే ఉన్నది కూడా పోతుంది" అంటారు. సరే, ఎదిరించకుండా ఇన్నేళ్ళలో ఏం నిలిచింది? బడులు నిలిచాయా? మీ ఊళ్ళో తెలుగు చదవగలిగిన పదేళ్ళ పిల్లలు ఎందరో వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. అణిగి ఉంటే దక్కుతుందన్నదానికి సాక్ష్యం ఏదీ? ఆదివాసులు మనకంటే పెద్ద గుంపా, డబ్బున్నవాళ్ళా? నియమగిరిలో పన్నెండు పల్లెలు నోరు తెరిస్తే కొండ నిలిచింది.

ఇంకొక ఆక్షేపణ దీనికంటే గట్టిది. "బలమైన ప్రతిపక్షం ఉన్నచోట అల్పసంఖ్యాకులకు ఒరిగిందేమిటి? తమిళనాడును చూడు" అంటారు. నిజమే. అక్కడ 1967 నుంచి దశాబ్దాల పాటు ద్రావిడ పార్టీలదే రాజ్యంగా సాగింది. ఒకరు కుర్చీలో ఉంటే రెండోవారు వీధిలో ఉండేవారు, ఒకరి తప్పును ఒకరు క్షణం సహించేవారు కాదు. అయినా ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి చేసిన 2006 చట్టాన్ని ఒకరు తెస్తే, రెండోవారు కుర్చీ ఎక్కాక రద్దు చెయ్యలేదు. హోసూరు తెలుగు పిల్లల కష్టం ఇద్దరికీ ఒకటే. కాబట్టి ప్రతిపక్షం ఉండటం ఒక్కటే చాలదు. ఒప్పుకుంటాను. కానీ దాని నుంచి తేలేదేమిటి? ప్రతిపక్షం వద్దు అనా? కాదు. మన సంగతి మాట్లాడే ప్రతిపక్షాన్ని మనమే తయారు చేసుకోవాలని. తలుపు ఉన్నంత మాత్రాన ఇంట్లోకి రాలేం, తట్టాలి. తలుపే లేని ఇంటికి ఆ అవకాశం కూడా ఉండదు.

తట్టితే ఏమవుతుందో యానాం చెప్పింది. పాతికేళ్ళు ఒకే నాయకుడి మాట చెల్లిన ఊరు అది. 2021లో ఆ నాయకుడు తప్పుకొని, ముఖ్యమంత్రి కాబోయే రంగసామిని తెచ్చి నిలబెట్టాడు. రంగసామి పుదుచ్చేరిలో ఇంకో చోట గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. యానాంలో మాత్రం ఒక యువ స్వతంత్ర అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. గెలిచిన యువకుడు ఏం చేశాడన్నది వేరే లెక్క. గెలిచేవాడి వెనకే నిలబడటం తెలుగువాడి నుదుటి రాత కాదని మాత్రం ఆ చిన్న ఊరు రుజువు చేసింది.

ఒడిశాకే తిరిగి వద్దాం. గద్దె మారింది గదా, ఇప్పుడు ప్రతిపక్షం బలపడిందా? 51 మందితో ప్రతిపక్షంలో కూర్చున్న బిజూ జనతాదళ్ ఏం చేసింది? 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ బిల్లును వ్యతిరేకిస్తామని చెప్పి, ఓటు వేళకు "ఎవరి అంతరాత్మ వారిది" అని సభ్యుల్ని వదిలేసింది. 2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నికకు దూరంగా కూర్చుంది. నవంబరులో నువాపడా ఉప ఎన్నిక వస్తే, చనిపోయిన తమ శాసనసభ్యుడి కొడుకే అధికారపక్షంలోకి పోయి ఆ పార్టీ టిక్కెట్టు మీద గెలిచాడు. బిజూ జనతాదళ్ మూడో స్థానంలో మిగిలింది. ఇటుక బట్టీలకు జనాన్ని పంపే ఆ నేలలో ఎన్నిక జరిగితే వలస కూలీ గురించి గొంతు చించుకోవలసిన పార్టీ తన అభ్యర్థిని కాపాడుకోలేకపోయింది. రాజ్యం ఏలడం తప్ప ఎదిరించడం నేర్వని పార్టీ రాజ్యం పోయాక ఏమవుతుందో 2000 తరవాత కాంగ్రెసు చూపించింది. పాఠం ఎవరికీ ఎక్కలేదు.

అంటే మళ్ళీ అదే మొదలవుతోంది. కొత్త ఏలుబడి, బలహీనమైన ప్రతిపక్షం, గూడు లేని అసంతృప్తి. ఆ అసంతృప్తి ఎక్కడికి పోతుందో ఒకసారి చూశాం. ప్రశ్నించే పార్టీ లేనప్పుడు కోపం చావదు. అది పక్కింటివాడి మీదికి తిరుగుతుంది, వాడి యాస మీదికి, వాడి దేవుడి మీదికి, వాడి ఇంటిపేరు మీదికి. అందుకే ప్రతిపక్షం బాగోగులు రాజకీయ నాయకుల సొంత గొడవ అనుకోవడం మనలాంటివాళ్ళకు చేటు.

మరి చెయ్యవలసిందేమిటి? పెద్ద పనులేం కావు. ఉగాది వేదిక మీద మంత్రికి ఒక కుర్చీ వేస్తే, పక్కన ప్రతిపక్ష సభ్యుడికి కూడా ఒకటి వెయ్యండి. వినతిపత్రం రెండు ప్రతులు రాసి రెండోది ఆయన చేతిలో పెట్టండి. శాసనసభలో ఈ ప్రశ్న అడిగారా లేదా అని ఏడాది చివర సభ పెట్టి లెక్క అడగండి. పంచాయతీ, పురపాలక ఎన్నికల్లో నిలబడే ప్రతివాడినీ తెలుగు బడి గురించి రాతపూర్వకంగా మాట ఇమ్మనండి, ఆ కాగితాన్ని ఇలాంటి పత్రికల్లో అచ్చు వెయ్యండి. సంఘం అధ్యక్షుడు పార్టీ కండువా వేసుకోవాలనుకుంటే సంఘం కుర్చీ దిగి వేసుకోమనండి. చివరగా, ఏ పార్టీ అయినా సరే, ఎవరినైనా సరే, "పైవాడు" అని వేలు చూపిస్తే, ఆ వేలు చూపించినవాడు మన ఓటుకు తగడని బహిరంగంగా చెప్పండి. ఆ "పైవాడు" తమిళుడైనా, బెంగాలీ అయినా, మార్వాడీ అయినా.

గద్దె మీద ఎవరున్నా మనకు ఒకటే అనే మాట ఇన్నాళ్ళూ భయంతో అన్నాం. ఇక దాన్ని ధైర్యంతో అందాం. ఎవరున్నా ఒకటే, అందరినీ అడుగుతాం.